అందర్నీ అరెస్ట్ చేసినా.. ఒక్కడే నడిచాడు! ‘జెడ్’ సినిమా వెనక ఉన్న అసలు హీరో గ్రిగోరిస్ లాంబ్రాకిస్ కథ ఇదీ

1963 మే 22, రాత్రి సమయం. గ్రీస్‌లో రెండో పెద్ద నగరం థెస్సలొనీకి. శాంతి సభలో మాట్లాడి ఓ ఎంపీ రోడ్డు మీదకు వచ్చారు. చుట్టూ పోలీసులు ఉన్నారు, జనం ఉన్నారు. ఇంతలో పక్క సందులోంచి మూడు చక్రాల ట్రాలీ బండి ఒకటి దూసుకొచ్చింది. దాని వెనక నక్కిన వ్యక్తి చేతిలో కర్ర. ఎంపీ తల మీద బలంగా దెబ్బ పడింది. ఆయన అక్కడికక్కడే కుప్పకూలిపోయారు. ఇంతమంది పోలీసులు ఉండి కూడా ఆ బండిని ఆపలేదు.

రోడ్డు ప్రమాదం. పోలీసులు మొదట చెప్పిన మాట ఇదే. కానీ ఆ మాట ఎక్కువ రోజులు నిలబడలేదు. ఆ ఒక్క అబద్ధాన్ని పట్టుకుని తీగ లాగితే ఏకంగా ప్రభుత్వ డొంకే కదిలింది. మూడేళ్ల తర్వాత ఇదే ఘటన మీద నవల వచ్చింది. ఆ తర్వాత ఫ్రెంచ్ సినిమా వచ్చింది. రెండు ఆస్కార్లు కొట్టింది. ఆ సినిమా పేరు ‘జెడ్’. ఒకే ఒక్క అక్షరం. సినిమా గురించి చాలామందికి తెలుసు. కానీ ఆ రాత్రి రోడ్డు మీద పడిపోయిన మనిషి ఎవరు? ఆయన్ని ఎందుకు చంపారు? ఆయన పేరు గ్రిగోరిస్ లాంబ్రాకిస్.

పల్లెటూరి కుర్రాడు.. బెర్లిన్ ఒలింపిక్స్ దాకా

లాంబ్రాకిస్ 1912 ఏప్రిల్ 3న పుట్టారు. ఊరు కెరాసిట్సా. గ్రీస్ దక్షిణ భాగంలో ఆర్కేడియా అనే కొండప్రాంతంలో ఉన్న చిన్న పల్లె అది. అక్కడే చదువుకుని, డాక్టర్ కావాలని రాజధాని ఏథెన్స్ చేరారు. యూనివర్సిటీలో మెడిసిన్ సీటు వచ్చింది. అయితే ఆయన పేరు ముందు మోగింది ఆసుపత్రిలో కాదు, స్టేడియంలో.

లాంగ్ జంప్‌లో లాంబ్రాకిస్‌కి అప్పట్లో గ్రీస్‌లో సాటి లేదు. 1936లో ఆయన నెలకొల్పిన జాతీయ రికార్డు 1959 దాకా, అంటే 23 ఏళ్ల పాటు చెక్కుచెదరలేదు. బాల్కన్ దేశాల క్రీడా పోటీల్లో ఎన్నో బంగారు పతకాలు తెచ్చారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో గ్రీస్ తరఫున బరిలో దిగారు. హిట్లర్ కళ్లముందే అమెరికా నల్లజాతి అథ్లెట్ జెస్సీ ఓవెన్స్ లాంగ్ జంప్ స్వర్ణం గెలిచిన ఒలింపిక్స్ అవే. ఆ పోటీలో దూకినవాళ్లలో ఈ గ్రీకు కుర్రాడు కూడా ఒకరు. నాజీ జెండాల కింద జరిగిన ఆ ఆటల్ని చూసి వచ్చిన ఐదేళ్లకే, అదే నాజీ సైన్యం ఆయన సొంత దేశంలోకి దిగింది.

ఆకలి రోజుల్లో ఆటల పోటీలు

1941లో గ్రీస్‌ను జర్మనీ, ఇటలీ, బల్గేరియా పంచుకుని ఆక్రమించుకున్నాయి. ఆ చలికాలంలో ఏథెన్స్‌లో తిండి దొరకలేదు. పంటల్ని, సరుకుల్ని ఆక్రమణదారులు ఎత్తుకుపోయారు. సముద్రం మీంచి ఓడలు రాకుండా దిగ్బంధం. వేలమంది ఆకలితో వీధుల్లోనే చనిపోయారు.

అలాంటి టైమ్‌లో ఎవరైనా ఆటల గురించి ఆలోచిస్తారా? లాంబ్రాకిస్ ఆలోచించారు. ప్రతిఘటన ఉద్యమంలో చేరిన ఆయన 1943లో తోటి క్రీడాకారుల్ని కూడగట్టి గ్రీకు అథ్లెట్ల సంఘం పెట్టారు. వరుసగా పోటీలు నడిపించారు. టికెట్ల మీద వచ్చిన డబ్బంతా ఆకలితో అలమటిస్తున్న జనానికి అన్నం పెట్టే కేంద్రాలకు పంపించారు. తుపాకీ పట్టుకున్నవాళ్లు తుపాకీతో పోరాడారు. ఈయన తనకు తెలిసిన విద్యతో పోరాడారు.

యుద్ధం ముగిశాక మళ్లీ మెడిసిన్ వైపు వచ్చారు. గైనకాలజిస్ట్ అయ్యారు. 1950లో ఏథెన్స్ యూనివర్సిటీలో లెక్చరర్ అయ్యారు. సొంత క్లినిక్ కూడా ఉండేది. చేతిలో డబ్బు లేనివాళ్లకు అక్కడ ఫీజు లేదు. డాక్టర్‌గా పేరు, క్రీడాకారుడిగా కీర్తి, యూనివర్సిటీలో ఉద్యోగం. హాయిగా బతికేయడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ చుట్టూ ఉన్న దేశం హాయిగా లేదు.

పోలీస్ స్టేషన్ సర్టిఫికెట్ ఉంటేనే ఉద్యోగం!

నాజీలు వెళ్లిపోయాక గ్రీకులు తమలో తామే కొట్టుకున్నారు. 1946 నుంచి 1949 దాకా అంతర్యుద్ధం నడిచింది. కమ్యూనిస్టులు ఓడిపోయారు. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం పడింది. వామపక్షం వైపు ఉన్నారన్న అనుమానం వచ్చినా చాలు, ద్వీపాల్లోని నిర్బంధ శిబిరాలకు పంపేవారు. మక్రోనిసోస్ లాంటి ద్వీపాల పేరు చెబితే ఇప్పటికీ గ్రీస్‌లో పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు.

యుద్ధం ముగిసినా భయం ముగియలేదు. సర్కారు కొలువు కావాలన్నా, చాలా పనులకు అనుమతి కావాలన్నా రాజకీయ నడవడిక బాగుందని పోలీసులు ఓ సర్టిఫికెట్ ఇవ్వాలి. తండ్రి వామపక్షం అయితే కొడుకు భవిష్యత్తు అక్కడితో ఆగిపోయేది. ఊళ్లలో అతివాద జాతీయవాద ముఠాలు తిరిగేవి. పోలీసులు వాళ్లని చూసీ చూడనట్టు వదిలేసేవారు. అవసరమైతే వాడుకునేవారు కూడా. ప్రభుత్వం లోపల కనిపించని ఇంకో ప్రభుత్వం నడిచేదన్నమాట.

1961 ఎన్నికల్లో లాంబ్రాకిస్ పోటీ చేశారు. వామపక్ష కూటమి తరఫున, ఓడరేవు నగరం పిరేయస్ నుంచి పార్లమెంట్‌కు ఎన్నికయ్యారు. ఆయన కమ్యూనిస్టు పార్టీ మనిషి కాదు. వామపక్ష భావాలున్న శాంతివాది. ఆ ఎన్నికల్లో భారీగా రిగ్గింగ్, బెదిరింపులు జరిగాయని ప్రతిపక్షాలన్నీ గగ్గోలు పెట్టాయి. అయినా కాన్‌స్టాంటిన్ కరమాన్లిస్ మళ్లీ ప్రధాని అయ్యారు.

అప్పుడు ప్రపంచం అణుబాంబు నీడలో ఉంది. 1962 అక్టోబర్‌లో క్యూబా క్షిపణి సంక్షోభం వచ్చి మూడో ప్రపంచ యుద్ధం అంచుదాకా వెళ్లి వచ్చారు. గ్రీస్ నాటో కూటమిలో ఉంది. తమ గడ్డమీద అణ్వాయుధాలు వద్దని, యుద్ధాలు వద్దని అడిగేవాళ్లు గ్రీస్‌లో కొద్దిమందే. అడిగినవాళ్లపై దేశద్రోహి ముద్ర సిద్ధంగా ఉండేది. లాంబ్రాకిస్ శాంతి కమిటీలో కీలక నాయకుడై అదే మాట గట్టిగా అడగడం మొదలుపెట్టారు.

42 కిలోమీటర్ల దారి.. ఒకే ఒక్కడు

1963 ఏప్రిల్. ఈస్టర్ సెలవుల్లో బ్రిటన్‌లో అణ్వాయుధాలకు వ్యతిరేకంగా ఏటా భారీ పాదయాత్ర జరిగేది. ఆల్డర్‌మాస్టన్ అనే చోట అణ్వాయుధ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి నుంచి లండన్ దాకా నడిచేవారు. లాంబ్రాకిస్ వెళ్లి ఆ యాత్రలో నడిచారు. గ్రీస్ పేరు, శాంతి గుర్తు ఉన్న బ్యానర్ పట్టుకున్నారు.

తిరిగొచ్చాక అదే పని సొంత దేశంలో చేయాలనుకున్నారు. దారి కూడా సామాన్యమైంది కాదు. మారథాన్ నుంచి ఏథెన్స్ వరకు. రెండున్నర వేల ఏళ్ల కింద యుద్ధంలో గెలిచిన వార్త మోసుకుంటూ ఓ సైనికుడు పరుగెత్తాడని కథగా చెప్పుకునే దారి. ఇప్పుడు దాని మీద శాంతి కోసం నడవాలని ప్లాన్. ఏప్రిల్ 21న ముహూర్తం పెట్టారు.

ప్రభుత్వం యాత్రను నిషేధించింది. రోడ్లన్నీ దిగ్బంధం. మారథాన్ వైపు వెళ్తున్న కుర్రాళ్లను ఎక్కడికక్కడ పట్టుకుని వ్యాన్లు ఎక్కించారు. సంగీత దర్శకుడు మికిస్ థియోడొరాకిస్‌ను కూడా అరెస్ట్ చేశారు. ఇక యాత్ర లేనట్టే అనుకున్నారు అధికారులు.

కానీ వాళ్లు ఓ విషయం మర్చిపోయారు. లాంబ్రాకిస్ ఎంపీ. పార్లమెంట్ సభ్యుడిగా ఆయనకు అరెస్ట్ నుంచి రక్షణ ఉంది. దాన్నే ఆయుధం చేసుకున్నారు. మారథాన్ యుద్ధంలో చనిపోయిన వీరుల సమాధి దిబ్బ దగ్గర బ్యానర్ విప్పారు. అది ఆల్డర్‌మాస్టన్‌లో పట్టుకున్న బ్యానరే. రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నడక మొదలుపెట్టారు. వెనక ఎవరూ లేరు. దారి పొడవునా పోలీసులే. చివరికి ఎంపీ అని కూడా చూడకుండా ఆయన్నీ పట్టుకుని తీసుకెళ్లారు.

అప్పటికే పని జరిగిపోయింది. ఖాళీ రోడ్డు మీద బ్యానర్ పట్టుకుని ఒంటరిగా నడుస్తున్న 51 ఏళ్ల మాజీ అథ్లెట్ ఫొటో దేశమంతా తిరిగింది. వేలమంది నడిచి ఉంటే రెండు రోజులు మాట్లాడుకునేవారేమో. ఒక్కడు నడిచేసరికి ఎవరూ మర్చిపోలేకపోయారు. లాంబ్రాకిస్ గీత దాటారని అధికారంలో ఉన్న కొందరికి అనిపించింది కూడా అప్పుడే.

ముందే చెప్పారు.. అయినా ఎవరూ కదల్లేదు

సరిగ్గా నెల తిరిగింది. మే 22న థెస్సలొనీకిలో శాంతి సభ. ముందు అనుకున్న హాలు చివరి నిమిషంలో దక్కలేదు. దాంతో కార్మిక సంఘానికి చెందిన చిన్న హాలుకు మార్చుకోవాల్సి వచ్చింది. బయట అప్పటికే అతివాద ముఠాలు గుమిగూడాయి. నినాదాలు, రాళ్లు. హాల్లోకి వస్తుంటేనే లాంబ్రాకిస్ మీద చెయ్యి చేసుకున్నారు. సభకు వచ్చిన మరో వామపక్ష ఎంపీ జార్జ్ సారుఖాస్‌ను చితకబాదారు.

ఆ గుంపును ఎవరు తెచ్చారు? నాజీల కాలంలో జర్మన్లతో చేతులు కలిపిన ఓ వ్యక్తి నడిపే సంస్థ మనుషులు అందులో ఉన్నారని తర్వాత దర్యాప్తులో తేలింది.

లోపల లాంబ్రాకిస్‌కి విషయం అర్థమైంది. మైక్ అందుకున్నారు. స్పీకర్లు బయటికి కూడా వినిపిస్తున్నాయి. తన హత్యకు కుట్ర జరుగుతోందని, అధికారులు తమ బాధ్యత నెరవేర్చాలని పబ్లిగ్గా చెప్పారు. బయట ఉన్న పోలీస్ ఉన్నతాధికారుల చెవిన ఆ మాట పడింది. అయినా గుంపును చెదరగొట్టలేదు.

సభ అయిపోయింది. లాంబ్రాకిస్ నడుచుకుంటూ రోడ్డు దాటుతున్నారు. అప్పుడే ఆ ట్రాలీ బండి వచ్చింది. నడిపింది స్పిరోస్ గోట్జమానిస్. కర్రతో కొట్టింది ఎమాన్యుయెల్ ఎమాన్యుయెలిడిస్. కొట్టేసి అదే స్పీడులో పారిపోబోయారు.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. మనోలిస్ హద్జియాపోస్టోలు అనే ఓ మామూలు మనిషి పరుగెత్తుకెళ్లి కదులుతున్న బండి మీదకు దూకాడు. జనం అతన్ని ముద్దుగా పులి అని పిలిచేవారు. వెనక ఉన్నవాడితో కలబడ్డాడు. దెబ్బలు తిన్నాడు, కానీ వదల్లేదు. బండి ఆగిపోయింది. డ్రైవర్ దొరికిపోయాడు. ఆ రోజు ఈ ఒక్కడు దూకకపోయి ఉంటే? బండి చీకట్లో కలిసిపోయేది. ప్రమాదం అన్న కథే ఫైనల్ అయ్యేది. ఈ రోజు మనం ఈ పేరు చెప్పుకునేవాళ్లమే కాదు.

ఐదు రోజుల నిరీక్షణ.. ఐదు లక్షల జనం

లాంబ్రాకిస్ పుర్రె పగిలింది. స్పృహ మళ్లీ రాలేదు. ఆసుపత్రి బయట జనం రాత్రింబవళ్లు కూర్చున్నారు. మే 27న ఆయన ప్రాణం విడిచారు.

మరుసటి రోజు ఏథెన్స్‌లో అంత్యక్రియలు. అంతకు నెల కిందట ఒక్కడే నడిచిన మనిషి వెనక ఆ రోజు ఐదు లక్షల మందికి పైగా నడిచారని అంచనా. అప్పటి గ్రీస్ మొత్తం జనాభా 85 లక్షల లోపే. రాజధాని అంతా రోడ్ల మీదే ఉంది. అక్కడ పుట్టిందే ఆ అక్షరం. గ్రీకు భాషలో ‘జి’ అంటే బతికే ఉన్నాడు అని అర్థం. దాని మొదటి అక్షరం చూడ్డానికి ఇంగ్లిష్ జెడ్‌లాగే ఉంటుంది. కుర్రాళ్లు గోడల మీద, రోడ్ల మీద ఆ ఒక్క అక్షరం రాసి వెళ్లిపోయేవారు. చదివినవాళ్లకు అర్థమైపోయేది.

ఆయన పేరుతో లాంబ్రాకిస్ యువజన సంఘం పుట్టింది. థియోడొరాకిస్ దానికి నాయకుడు. మరుసటి ఏడాది అదే మారథాన్ దారిలో జనం పోటెత్తారు.

ఒత్తిళ్లకు లొంగని జడ్జి

కేసు దర్యాప్తు క్రిస్టోస్ సార్ట్‌జెటాకిస్ అనే మేజిస్ట్రేట్ చేతికి వచ్చింది. వయసు 34. వామపక్షంతో ఆయనకు సంబంధమే లేదు. అందుకే ఇబ్బంది ఉండదని పైవాళ్లు అనుకుని ఉండొచ్చు. కానీ ఆయన ఫైల్ తెరిచి సాక్షుల్ని పిలవడం మొదలుపెట్టారు. కొందరు జర్నలిస్టులు సొంతంగా ఆధారాలు తవ్వి తీశారు. బండి గుద్దడం వల్ల కాదు, తలకు తగిలిన దెబ్బ వల్లే చావు అని తేలింది. దుండగులకు పోలీసులతో ఉన్న లింకులు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. పైనుంచి ఒత్తిళ్లు వచ్చినా ఆయన వెనక్కి తగ్గలేదు. చివరకు ఉన్నత స్థాయి పోలీసు అధికారుల మీదే అభియోగాలు మోపారు.

హత్య జరిగిన కొద్ది వారాలకే, 1963 జూన్‌లో ప్రధాని కరమాన్లిస్ రాజీనామా చేశారు. దానికి రాజకుటుంబంతో వచ్చిన గొడవ తక్షణ కారణం. కానీ ఈ హత్య అప్పటికే ఆయన సర్కారు పరువు తీసేసింది. నవంబర్ ఎన్నికల్లో ఓడిపోయి ఆయన పారిస్ వెళ్లిపోయారు.

న్యాయం జరిగిందా? పూర్తిగా లేదు. 1966 చివర్లో తీర్పు వచ్చింది. బండి నడిపినవాడికి, కొట్టినవాడికి జైలు శిక్షలు పడ్డాయి. పోలీసు అధికారులు నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఆ తర్వాత ఇంకా దారుణం జరిగింది. 1967 ఏప్రిల్ 21న కల్నల్స్ సైనిక తిరుగుబాటుతో అధికారం లాక్కున్నారు. లాంబ్రాకిస్ ఒంటరిగా నడిచిన రోజుకు సరిగ్గా నాలుగేళ్లు. సార్ట్‌జెటాకిస్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. తర్వాత జైల్లో పెట్టి హింసించారు. థియోడొరాకిస్‌ను అరెస్ట్ చేసి ఆర్కేడియా కొండల్లోని ఓ పల్లెకు పంపించేశారు. ఆ రాత్రి దెబ్బలు తిన్న ఎంపీ సారుఖాస్ 1968 మేలో సైనిక ప్రభుత్వ నిర్బంధంలో చిత్రహింసలకు ప్రాణాలు కోల్పోయారు.

పేరు లేని దేశం.. అందరికీ తెలిసిన కథ

నోరు నొక్కేసిన ఆ రోజుల్లోనే సినిమా వచ్చింది. రచయిత వాసిలిస్ వాసిలికోస్ 1966లోనే ఈ హత్య మీద ‘జెడ్’ నవల రాశారు. ఫ్రాన్స్‌లో స్థిరపడిన గ్రీకు దర్శకుడు కోస్టా గావ్రాస్ దాన్ని పట్టుకున్నారు. విశేషం ఏంటంటే, ఆయన సొంత ప్రాంతం కూడా లాంబ్రాకిస్ పుట్టిన ఆర్కేడియానే. స్పానిష్ రచయిత జార్జ్ సెంప్రూన్ స్క్రీన్‌ప్లే రాశారు. గ్రీస్‌లో షూటింగ్ చేసే చాన్సే లేదు. అందుకే ఆల్జీరియా రాజధాని ఆల్జియర్స్ వీధుల్లో తీశారు. గృహ నిర్బంధంలో ఉన్న థియోడొరాకిస్ తన పాత పాటల్ని వాడుకోమని అనుమతి ఇచ్చారు.

లాంబ్రాకిస్ పాత్రలో ఈవ్ మోంటాన్, భార్య పాత్రలో గ్రీకు నటి ఐరీన్ పాపాస్, మేజిస్ట్రేట్‌గా జాన్ లూయీ త్రాంతిన్యాన్ నటించారు. సినిమాలో దేశం పేరు చెప్పరు. ఎంపీ పేరు కూడా చెప్పరు. కానీ మొదట్లోనే, ఇందులో నిజమైన వ్యక్తులతో పోలికలు కనిపిస్తే అవి యాదృచ్ఛికం కాదని, కావాలనే పెట్టామని ప్రకటించేస్తారు. చివర్లో సైనిక ప్రభుత్వం నిషేధించిన వాటి లిస్టు వస్తుంది. పొడవు జుట్టు, మినీ స్కర్టులు, సోఫోక్లిస్, టాల్‌స్టాయ్.. అన్నిటికంటే ఆఖర్న జెడ్ అక్షరం.

1969లో విడుదలైన ఈ సినిమాకు కేన్స్‌లో జ్యూరీ ప్రైజ్, త్రాంతిన్యాన్‌కు ఉత్తమ నటుడి అవార్డు వచ్చాయి. ఆల్జీరియా తరఫున ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. ఎడిటింగ్‌కు మరో ఆస్కార్. ఉత్తమ చిత్రం, ఉత్తమ విదేశీ చిత్రం.. రెండు విభాగాల్లోనూ నామినేషన్ దక్కిన మొదటి సినిమా ఇదే. సొంత జనం మాత్రం 1974లో సైనిక పాలన కూలిపోయాకే గ్రీస్ థియేటర్లలో చూడగలిగారు.

ఈ కథ మన దేశానికీ వచ్చింది. 2012లో దిబాకర్ బెనర్జీ తీసిన హిందీ సినిమా ‘షాంఘై’కి ఆధారం వాసిలికోస్ నవలే. అభయ్ డియోల్, ఇమ్రాన్ హష్మీ, కల్కి కొచ్లిన్ అందులో నటించారు. ఊరు మారింది, భాష మారింది. సభ నుంచి బయటికొస్తున్న నాయకుడి మీదకు దూసుకొచ్చే బండి మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు ఆ దారిలో..

ఒత్తిళ్లకు లొంగని ఆ మేజిస్ట్రేట్ సార్ట్‌జెటాకిస్ 1985లో గ్రీస్ అధ్యక్షుడయ్యారు. 1990 దాకా ఆ పదవిలో ఉన్నారు. థెస్సలొనీకిలో లాంబ్రాకిస్ పడిపోయిన కూడలిలో ఇప్పుడు స్మారక శిల్పం ఉంది. పిరేయస్‌లో ఓ పెద్ద వీధికి ఆయన పేరు పెట్టారు. ఏథెన్స్ పక్కన కల్లితియాలో ఫుట్‌బాల్ స్టేడియం కూడా ఆయన పేరుమీదే ఉంది.

అన్నిటికంటే పెద్ద స్మారకం మాత్రం ఆ రోడ్డే. మారథాన్ నుంచి ఏథెన్స్ వరకు ఏటా జరిగే క్లాసిక్ మారథాన్‌ను లాంబ్రాకిస్ జ్ఞాపకార్థం నిర్వహిస్తారు. ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది వచ్చి ఆ 42 కిలోమీటర్లు పరుగెడతారు. 1963 ఏప్రిల్ 21న అదే దారిలో పోలీసుల మధ్య, చేతిలో బ్యానర్‌తో నడిచింది మాత్రం ఆయన ఒక్కరే.